మట్టి, తుప్పు, మసి: మోడల్ ట్యాంకుల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం 1:35 స్కేలు (అసలు దానిలో 35వ వంతు) ట్యాంకుల గురించే. అతికించడం వరకు అందరికీ బాగానే సాగుతోంది. చిక్కంతా రంగు దగ్గర, ఆ తర్వాత వెదరింగ్ (మట్టి, తుప్పు, మసి పట్టి వాడిన బండిలా కనిపించేలా చేసే పని) దగ్గర. అందుకే ఈ నెల పేజీ మొత్తం వాటికే ఇచ్చాం.

ప్ర: టీ-55 ట్యాంకు కిట్టుకు ఎయిర్‌బ్రష్‌తోని టామియా ఆక్రిలిక్ కొడుతున్న. మార్చి దాకా మంచిగనే వచ్చింది. ఇప్పుడు పెయింట్ ఉసికె కాగితం లెక్క గరుకుగ పడుతున్నది. మిషన్ ఖరాబైందా?
— పాఠకుడు, జడ్చర్ల

జ: మిషన్‌కు ఏమీ కాలేదు. ఎండ ముదిరింది, అంతే. 40 డిగ్రీలు దాటిన గదిలో నాజిల్ నుంచి వెళ్లిన రంగు తుంపర ప్లాస్టిక్‌ను తాకేలోపే సగం ఆరిపోతుంది. ఆరిన పొడి వచ్చి అంటుకుంటుంది కాబట్టి చేతికి గరుకు తగులుతుంది. చలికాలంలో ఒక వంతు రంగుకు ఒక వంతు థిన్నర్ సరిపోయి ఉంటుంది. ఇప్పుడు ఒకటికి రెండు వంతుల దాకా పెంచండి. గాలి ఒత్తిడి 12 నుంచి 15 పీఎస్ఐ మధ్యకు దించండి. బ్రష్‌ను ఏడెనిమిది సెంటీమీటర్ల దగ్గరికి తేండి. రిటార్డర్ (రంగు నెమ్మదిగా ఆరేలా చేసే ద్రవం) దొరికితే నూటికి ఐదు పాళ్లు కలపండి. పది దాటితే రంగు రోజుల తరబడి జిగురుగానే ఉంటుంది. అన్నిటికంటే మేలైన మార్గం తెల్లవారుజామున పని పెట్టుకోవడం. కొట్టేటప్పుడు ఫ్యాన్ ఆపండి. నాజిల్ కొసన రంగు గడ్డకట్టినా చుక్కలు చిమ్ముతాయి కనుక థిన్నర్‌లో ముంచిన కాటన్ బడ్‌తో మధ్యమధ్యలో తుడవండి.

ఇప్పటికే గరుకు తేలిన భాగాన్ని ఒక రోజు ఆరనిచ్చి, 1500 నంబరు వాటర్ పేపర్‌ను సబ్బునీళ్లలో తడిపి మెల్లగా రుద్దండి. రివెట్లు, వెల్డు గీతలు ఉన్నచోట కాగితం వాడితే అవి అరిగిపోతాయి, అక్కడ పాత టూత్‌బ్రష్ చాలు. వానకాలంలో ఇంకో బాధ మొదలవుతుంది. కంప్రెసర్ గాలిలోని తేమ గొట్టంలో నీరై, రంగుతో పాటు చుక్కలుగా పడుతుంది. జూన్ రాకముందే వాటర్ ట్రాప్ బిగించుకోండి.

ప్ర: ఆయిల్ కలర్‌ను టర్పెంటైన్‌లో కలిపి వాష్ (గీతల్లోకి దిగే పలుచని రంగు) ఇచ్చాను. మర్నాటికి మూడు చక్రాల సస్పెన్షన్ ఆర్మ్‌లు వాటంతట అవే విరిగి పడి ఉన్నాయి. నాసిరకం కిట్టా?
— డిగ్రీ విద్యార్థి, నల్లగొండ

జ: కిట్టును అనుమానించకండి, ఇది మంచి కిట్లకూ జరుగుతుంది. అచ్చులో పోసిన పాలిస్టైరీన్ (కిట్టు ప్లాస్టిక్) సన్నని భాగాల్లో బిగువు దాగి ఉంటుంది. చక్రాన్ని ఇరుసులోకి గట్టిగా నొక్కి దించితే అది ఇంకా పెరుగుతుంది. టర్పెంటైన్ ఆ బిగువున్న చోట కంటికి కనపడని పగుళ్లలోకి దిగి ప్లాస్టిక్‌ను పెళుసుగా మారుస్తుంది. పైన రంగు ఉన్నా, చక్రం వెనక వైపు, ఇరుసు రంధ్రం లోపల రంగు పడదు కదా. వాష్ అక్కడే మడుగు కడుతుంది.

విరిగిన ఆర్మ్‌ను గ్లూ ఒక్కదానితో నిలబెట్టలేం. రెండు ముక్కల్లోనూ ఎదురెదురుగా 0.6 మి.మీ. రంధ్రం చేత్తో తిప్పే పిన్ వైస్‌తో పెట్టండి. స్టేప్లర్ పిన్ను నిటారుగా చేసి, 6 మి.మీ. ముక్క కోసి, ఫెవిక్విక్ చుక్కతో దూర్చండి. ఆ ఆర్మ్ ఇక విరగదు.

ఇకముందు చక్రం ఇరుసుపై వదులుగా కూర్చునేలా ముందే రంధ్రాన్ని కొద్దిగా వెడల్పు చేసుకోండి. రంగు మీద గ్లాస్ (మెరిసే) వార్నిష్ రెండు పూతలు వేసి 24 గంటలు ఆరనివ్వండి. వాష్‌ను మొత్తం ఒంటికి పూయకుండా, సున్నా నంబరు బ్రష్ కొసతో రివెట్ పక్కన, ప్యానెల్ గీతలో మాత్రమే తాకించండి. గీత వెంబడి అదే పాకుతుంది. పది పదిహేను నిమిషాల తర్వాత శుభ్రమైన టర్పెంటైన్‌తో తడిపి, టిష్యూకు ఒత్తి దాదాపు పొడిగా చేసిన బ్రష్‌తో మిగిలింది లాగేయండి. రంగు విషయానికొస్తే, క్యామెల్ బర్న్ట్ అంబర్‌లో పిసరంత నలుపు కలిపితే ఆకుపచ్చ ట్యాంకుకు బాగా నప్పుతుంది. ట్యూబు నుంచి తీసిన రంగును గంటసేపు అట్టముక్క మీద ఉంచండి. అట్ట అందులోని అవిసె నూనెను పీల్చేస్తుంది. లేకపోతే ఆరాక జిడ్డు మెరుపు మిగులుతుంది.

ప్ర: బండ్లకు పెయింట్ వేసే షాపులో ఎన్‌సీ థిన్నర్ చవకగా దొరుకుతుంది. మోడల్‌కు పనికొస్తుందా?
— పాఠకుడు, మిర్యాలగూడ

జ: ఎయిర్‌బ్రష్ కడగడానికి పనికొస్తుంది, మోడల్ దగ్గరికి మాత్రం తేకండి. అది పాలిస్టైరీన్‌ను కరిగిస్తుంది. అదే షాపులో దొరికే ఎన్‌సీ పుట్టీ సన్నని సందులకు ఫర్వాలేదు. మిల్లీమీటరు మందాన పెడితే అదీ కింది ప్లాస్టిక్‌ను మెత్తబరిచి గుంట చేస్తుంది. కడిగేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి. ఆ ఆవిరి ఒంటికి మంచిది కాదు.

ప్ర: సెంచూరియన్ చేస్తున్నాను, 1971 యుద్ధంలో బసంతర్ దగ్గరున్న ట్యాంకు అనుకుని. మా పొలంలో ఎర్రటి చెల్క మట్టి బోలెడంత ఉంది. జల్లించి పూసేద్దామా?
— పాఠకురాలు, దేవరకొండ

జ: ఆ ట్యాంకుకు వద్దు. బసంతర్ రావి నదికి ఉపనది. 1971 డిసెంబర్‌లో మన 17 పూనా హార్స్ రెజిమెంటు సెంచూరియన్లు పోరాడిన షకర్‌గఢ్ ప్రాంతం ఒండ్రు నేల. అక్కడి దుమ్ము బూడిద కలిసిన లేత గోధుమ రంగులో, పిండిలా మెత్తగా ఉంటుంది. మన చెల్క గ్రానైటు రాయి అరిగి పుట్టిన నేల, ఇనుప ఆక్సైడ్ వల్ల ఎర్రబారింది, అందులో గరుకు ఇసుక పాలెక్కువ. మట్టిని చూసిన ఎవరికైనా ఆ బండి ఎక్కడ తిరిగిందో ఇట్టే తెలిసిపోతుంది. ఎర్ర మట్టి పూస్తే మీ సెంచూరియన్ షకర్‌గఢ్‌లో కాకుండా దేవరకొండ రోడ్డు మీద తిరిగినట్టే ఉంటుంది. దానికి టామియా ఎక్స్‌ఎఫ్-57 బఫ్‌ను తొమ్మిది వంతుల థిన్నర్‌తో పలచన చేసి కింది సగానికి పొగమంచులా కొట్టండి. పైన అదే రంగు పిగ్మెంట్ పొడి అద్దండి. చక్రాల పక్కన వేలాడే స్కర్టు రేకుల కింది అంచున, రెండు రేకులు కలిసే సందులో దుమ్ము ఎక్కువ, టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పై భాగం) పైన తక్కువ ఉండాలి.

మీ చెల్క మట్టి వృథా పోదు, దానికి తగిన బండి వేరే ఉంది. 1948 సెప్టెంబర్ 13న మొదలైన పోలీసు చర్యలో విజయవాడ వైపు నుంచి వచ్చిన సేన కోదాడ, మునగాల మీదుగా కదిలింది. ఎదురు నిలిచిన హైదరాబాద్ రాజ్య సేన దగ్గర హంబర్, స్టాగ్‌హౌండ్ సాయుధ కార్లు ఉండేవి. ఈ రెండు బండ్లకూ 1:35 కిట్లు ఉన్నాయి. కాలమేమో సెప్టెంబర్, వానలు ఇంకా పోని నెల. అలాంటి బండికి ఎండుదుమ్ము కంటే తడి మట్టి న్యాయం.

తయారీ ఇలా. గుప్పెడు మట్టిని ఎండబెట్టి, పాత ఇనుప పెనం మీద పావుగంట వేడి చేయండి. ఈ పని వదిలేస్తే అందులోని వేరు పీచుకు ఆ వానకాలమే బూజు పడుతుంది. చల్లారాక నూరి, పలుచని మల్లు గుడ్డలో రెండుసార్లు జల్లించండి. ఎందుకంటే 1 మి.మీ. ఇసుక రేణువు ఈ స్కేలులో 35 మి.మీ. కంకర రాయి అవుతుంది. గుడ్డలోంచి దిగిన పొడే మట్టి, పైన మిగిలింది రాళ్లు. రాళ్లను పారేయకండి, టైర్ల గాళ్లలో నాలుగైదు వాడుకోవచ్చు. మూడు వంతుల మట్టి, ఒక వంతు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి, ఒకటికి రెండు వంతుల నీళ్లు పోసిన ఫెవికాల్‌తో పేస్టు చేయండి. ప్లాస్టర్ రంగును తేలబరుస్తుంది కనుక కొంచెం ఎక్స్‌ఎఫ్-7 ఫ్లాట్ రెడ్, ఎక్స్‌ఎఫ్-52 ఫ్లాట్ ఎర్త్ చుక్కలు కలిపి సరిచేయండి. ముందు అట్టముక్క మీద పూసి, ఆరాకే రంగు నిర్ణయించండి. తడిగా ఉన్నప్పుడు అన్ని మట్లూ అందంగానే కనిపిస్తాయి.

మడ్‌గార్డు లోపల, చక్రం వెనక, ఇరుసు గూడు చుట్టూ ఒక్కో మిల్లీమీటరు చొప్పున రెండు మూడు పూతలుగా వేయండి. ఒకేసారి మందంగా వేస్తే ఆరేటప్పుడు కుంచించుకుని పెళ్లలుగా ఊడుతుంది. మొదటి పూత లేతగా, ఎండినట్టు. చివరి పూత ముదురుగా, అదీ అక్కడక్కడే. చివరి దాని మీద మాత్రం గ్లాస్ వార్నిష్ తాకిస్తే తడి కనిపిస్తుంది. బండి రోడ్డు మీదనే నడిచిందనుకుంటే ఇంత మట్టి అక్కర్లేదు, టైర్ల వెనక చిమ్మిన చుక్కలు చాలు. గట్టి బ్రష్‌ను పలుచటి మట్టినీళ్లలో ముంచి, పుల్లతో మీటితే అవి వస్తాయి. పక్కలను కాగితంతో కప్పడం మరవకండి.

ప్ర: టీ-55 ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే పట్టా) బిగుతుగా లాగినట్టుంది. ఫొటోల్లో చూసినట్టు చక్రాల మీద వాలడం లేదు. ఏం చేయాలి?
— పాఠకుడు, మహబూబ్‌నగర్

జ: మీరు సరిగ్గానే పట్టారు. టీ-55కు పైన ట్రాక్‌ను మోసే చిన్న రోలర్లు లేవు. ఐదు పెద్ద చక్రాల మీదే పై ట్రాక్ వాలి ఉంటుంది. మొదటి చక్రానికీ రెండోదానికీ మధ్య ఖాళీ ఎక్కువ గనుక అక్కడ ఇంకొంచెం కిందికి దిగుతుంది. కిట్టులో వచ్చిన మెత్తని వినైల్ ట్రాక్ అయితే చక్రాల నెత్తిన ఫెవిక్విక్ చుక్క పెట్టి, ఫెండర్‌కు (ట్రాక్ పైన ఉండే రేకు), ట్రాక్‌కు మధ్య స్పాంజి ముక్కలు కుక్కి రాత్రంతా వదిలేయండి. పొద్దున స్పాంజి తీసేస్తే వాలు నిలిచిపోతుంది. విడి లింకులైతే ఒక్కో వైపు 90 దాకా కావాలి. సన్నని గ్లూతో ఒక వరుస కలిపి, అరగంటలో, ఇంకా మెత్తగా ఉండగానే చక్రాల చుట్టూ తిప్పండి. ఎండాకాలం ఆ అరగంట పావుగంటకు తగ్గుతుంది.

వినైల్ గురించి ఒక హెచ్చరిక. కొన్ని పాత కిట్ల ట్రాకుల్లోని ప్లాస్టిసైజర్ (వినైల్‌ను మెత్తగా ఉంచే రసాయనం) ఊరి, తాకిన పాలిస్టైరీన్ చక్రాన్ని ఏళ్ల మీద కొరికేస్తుంది. వేడి దాన్ని తొందరపెడుతుంది. చక్రానికీ ట్రాక్‌కూ రెండింటికీ రంగు పూర్తిగా వేసి మధ్యలో పొర ఉంచండి.

ఇంకొకటి. మన సైన్యపు 1971 నాటి టీ-55 చేస్తుంటే ఫిరంగి గొట్టం చూసుకోండి. అటు పాకిస్తాన్ దగ్గర టైప్-59 ట్యాంకు ఉండేది, దూరం నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియడానికి మన ట్యాంకుల గొట్టం నడిమిన డమ్మీ డ్రమ్ము తొడిగారు. ప్లాస్టిక్ షీటును చుట్టి అది మీరే చేసుకోవచ్చు.

ప్ర: స్పాంజితో ఆరెంజి రంగు చిప్పింగ్ (పెయింట్ పెచ్చులు లేచినట్టు చూపడం) చేశాను. ట్యాంకు మొత్తం తుప్పు పట్టినట్టయింది. ఎక్కడ తప్పింది?
— పాఠకుడు, కల్వకుర్తి

జ: రంగులోనూ తప్పింది, చోటులోనూ తప్పింది. వాడుకలో ఉన్న ట్యాంకుకు పెచ్చు లేచినచోట కవచపు ఉక్కు ముదురు గోధుమ నలుపులో కనిపిస్తుంది. ఆరెంజి అంటే తాజా తుప్పు, వానలో వదిలేసిన బండిది. వాలెహో 70.822 లాంటి నల్ల గోధుమ రంగు తీసుకుని, స్పాంజిని కాగితం మీద అద్ది దాదాపు పొడిగా చేశాకే తాకించండి. ఎక్కడ అన్నదానికి సిబ్బంది ఎలా ఎక్కుతారో ఊహించండి: మూత అంచులు, కాలు పెట్టే ఫెండరు, పనిముట్ల పెట్టె మూలలు, తాడు రాసుకునే చోటు. టరెట్ పక్కల మీద చిప్పింగ్ ఎందుకు ఉంటుంది? అక్కడ ఎవరి బూటూ తగలదు. చక్రాల రబ్బరుకు తుప్పు వేయడం తరచుగా చూస్తున్నాం. రబ్బరు తుప్పు పట్టదు, అరిగి బూడిద రంగుకు తిరుగుతుంది, అంతే.

టీ-55లో ఎడమ ఫెండరు మీద పొగగొట్టం ఉంది. నిజమైన ఆరెంజి తుప్పు, మసి అక్కడ పెట్టండి. వేడికి రంగు కాలిపోయే చోటు అదే. కుడి ఫెండరు మీద ఇంధన ట్యాంకులున్నాయి. మూత కింద బర్న్ట్ అంబర్ చారలు రెండు, కొద్దిగా మెరుపుతో చాలు.

ఇప్పుడున్నదాన్ని చెరిపేయకుండానే సరిదిద్దవచ్చు. ఆరెంజి మచ్చ మధ్యలో నల్ల గోధుమ చుక్క పెట్టి అంచున మాత్రం ఆరెంజి వదలండి. అనవసరమైన చోట్ల అసలు రంగుతో కప్పేయండి.

ప్ర: డెకాల్ (మోడల్ మీద అతికించే గుర్తుల స్టిక్కర్) కింద వెండిలా మెరుస్తోంది.
— పాఠకుడు, సూర్యాపేట

జ: మ్యాట్ (మెరుపు లేని) రంగు మీద నేరుగా అతికించారు. గరుకులో గాలి చిక్కుకుంది. సన్న సూదితో అక్కడక్కడ గుచ్చి డెకాల్ సాఫ్ట్‌నర్ పూయండి, ఆరాక మళ్లీ పూయండి. ఈసారి ముందు గ్లాస్, తర్వాత డెకాల్, ఆ తర్వాత మ్యాట్.

ప్ర: పిగ్మెంట్ పొడి వేసి మ్యాట్ వార్నిష్ కొడితే దుమ్మంతా మాయమైంది. కొట్టకుంటే చేతికి అంటుతోంది.
— పాఠకురాలు, వనపర్తి

జ: వార్నిష్ తడికి పొడి పారదర్శకంగా మారి రంగు కోల్పోతుంది. మ్యాట్ ముందే ముగించి, పొడిని ఆఖరి పని చేసుకోండి. పొడి వేశాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను బ్రష్‌తో పక్కన తాకించండి. అదే పాకి పొడిని తడుపుతుంది. నేరుగా పూస్తే పొడి కొట్టుకుపోయి అంచున గీత కడుతుంది. తడవగానే ముదురై, ఆరాక మళ్లీ తేలుతుంది, కంగారు పడి ఇంకా పొడి చల్లకండి. ఆల్కహాల్ పట్టు అంతంత మాత్రమే, కనుక చేతితో పట్టే చోట, అంటే టరెట్ పక్కలకు, అడుగు అంచులకు పొడి పెట్టకండి. ఎత్తేటప్పుడు అక్కడే పట్టుకోండి. తర్వాత గాజు పెట్టెలో పెట్టండి. మన ఊళ్ల దుమ్ము మోడల్ మీద కూర్చుంటే, తుడవబోతే మీరు పెట్టిన దుమ్మూ పోతుంది.