తొలి ఈతకు ముందు సుజాతకు

చిరంజీవి సుజాతకు చంద్రగిరి నుంచి మీ అత్త దీవెనలు.

నీ ఆడపంది చూలుతో ఉందని మీ నాన్న ఫోనులో చెప్పాడు. "అక్కా, నువ్వైనా సుజాతకు నచ్చజెప్పు" అన్నాడు. పందుల పెంపకం మానేయమని చెబుతాననుకున్నాడు పాపం. నేను చెప్పను. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లు రూపొందించిన టి-17 రకాన్నే కోరి తెచ్చుకున్నావని, పోతుతో కలిపిన తేదీని గోడ మీద రాసి పెట్టావని విని ఎంత పొంగిపోయానో! మూడు పాళ్లు విదేశీ జాతి లార్జ్ వైట్ యార్క్‌షైర్, ఒక పాలు మన నాటు రక్తం. మంచి ఎంపిక. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నీది పలమనేరు, ఈత డిసెంబరులో. అక్కడి చలి నాకు తెలుసు.

ఆగస్టు 20న కలిపావు కాబట్టి 114 రోజుల లెక్కన డిసెంబరు 12 అవుతుంది. మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులని మీ మామయ్య వేళ్ల మీద లెక్కపెట్టేవాడు. రెండు మూడు రోజులు అటూ ఇటూ కావచ్చు. రెండు వారాల ముందు డాక్టరును అడిగి నులిపురుగుల మందు వేయించు. వారం ముందు పొట్ట, పొదుగు, గిట్టలు సబ్బుతో కడిగి, సున్నం కొట్టి బాగా ఆరిన గదిలోకి మార్చు. చివరి రెండు రోజులు దాణా తగ్గించి గోధుమ పొట్టు కలుపు, మలబద్ధకం రాకూడదు. తొట్టిలో నీళ్లు ఎప్పుడూ ఉండాలి. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

ఒక్క విషయంలో మాత్రం కోప్పడతాను. హైవే హోటళ్ల ఎంగిలి ఊరికే వస్తోందని తెచ్చి పెడుతున్నావట. ఆ తిండిలో ఎక్కడో ఒక రోగపు పంది మాంసం ముక్క ఉంటే చాలు, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల జబ్బు పాకలోకి వచ్చేస్తుంది. దానికి మందు లేదు, వస్తే పందుల మంద మొత్తం పోతుంది. చూలు పంది ముందు ఆ బకెట్ పెట్టవద్దు. దాణాకు డబ్బు చాలకపోతే నన్ను అడుగు, మొహమాటపడకు.

ఇక అసలు సంగతి. మా మొదటి పంది ఈనిన ఏడాది మార్గశిరంలో వాయుగుండం పట్టి వాన వదల్లేదు. తొలిచూలు తల్లికి చలి వేస్తుందని మీ మామయ్య వాము నుంచి పొడవాటి వరిగడ్డి తెచ్చి గది నిండా మోకాలి ఎత్తున పరిచాడు. ప్రేమతోనే చేశాడు. గోడల వెంట అడ్డుకర్రలు కట్టమని మా మామగారు చెబితే, ఇంత మెత్తటి పరుపు ఉండగా కర్రలెందుకన్నాడు. రాత్రి తొమ్మిది పిల్లలు పుట్టాయి. అన్నీ లేచి పాలు తాగాయని చూసుకుని, సంతోషంగా వచ్చి పడుకున్నాడు. తెల్లవారి లాంతరు పట్టుకుని వెళితే నాలుగే కనిపించాయి. మిగతావి గడ్డిలో దాక్కున్నాయనుకుని చేతులతో పాయలు తీస్తూ వెతికాడు. ఒక్కొక్కటే దొరికింది, గోడ వారగా, అణిగిపోయి. తల్లి పడుకుని అతని వంక చూస్తూ గుర్రుమంటోంది.

పిల్లల్ని చంపుకునే జాతి, అమ్మేయమని ఊళ్లో అందరూ అన్నారు. మీ మామయ్య అమ్మలేదు. ఆ రోజంతా అన్నం కూడా ముట్టలేదు. తర్వాత ఒక పశువైద్యుడు మాకు విడమరిచి చెప్పాడు. అప్పుడే పుట్టిన పందిపిల్లకు ఒంటి మీద బొచ్చు పలచన, చర్మం కింద కొవ్వు దాదాపు ఉండదు. దానికి మొదటి రోజుల్లో 32 నుంచి 34 డిగ్రీల వెచ్చదనం కావాలి. తల్లికి 20 డిగ్రీలు చాలు, అంతకు మించితే ఆయాసపడుతుంది. చలికి వణికే పిల్ల వెచ్చదనం కోసం తల్లి ఒంటికి అతుక్కుంటుంది. బరువైన తల్లి గోడకు జారగిలబడి పడుకున్నప్పుడు తప్పుకునే చోటు ఉండదు. పొడవాటి గడ్డిలో చిక్కుకుంటే కాళ్లు కూడా ఆడవు.

అందుకే చెబుతున్నాను తల్లీ, పిల్లలకు తల్లి ఒళ్లు కాక మరో వెచ్చని చోటు ఉండాలి. గది మూలలో పలకతో అడ్డం కట్టి, పిల్లలు మాత్రమే దూరేంత సందు వదులు. లోపల బల్బు వేలాడదీయి. వైరును నమ్మకుండా గొలుసుతో కట్టు, గడ్డి మీద పడితే పాకే అంటుకుంటుంది. ఎత్తు సరిపోయిందో లేదో పిల్లలే చెబుతాయి: ఒకదాని మీద ఒకటి గుట్టగా పడితే చలి, బల్బుకు దూరంగా చెదిరిపోతే వేడి, పక్కపక్కన కాళ్లు చాపి పడుకుంటే సరిపోయినట్టు. కరెంటు పోతే వేడినీళ్ల సీసాలు గోనెసంచిలో చుట్టి పెట్టు. గోడల చుట్టూ నేల నుంచి జానెడు ఎత్తున, గోడకు జానెడు ఎడంగా ఇనుప పైపు బిగించు. గడ్డిని బెత్తెడు ముక్కలుగా కోసి పలచగా పరుచు.

గడ్డి నోట కరిచి గూడు పేర్చుతూ, చన్ను నొక్కితే పాలు ధారగా వస్తుంటే ఒక రోజులోపు ఈనుతుంది. పిల్లకూ పిల్లకూ మధ్య మామూలుగా పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. గంటసేపు ముక్కుతున్నా పిల్ల రాకపోతే డాక్టరును పిలువు. తొందర చేసే సూది ఎవరు ఇస్తామన్నా ఇవ్వనీయకు. పిల్ల అడ్డం తిరిగి ఉంటే గర్భసంచి చిరిగిపోవచ్చు. మూతి, ముక్కు పొడి గుడ్డతో తుడువు. బొడ్డును రెండు అంగుళాల దగ్గర దారంతో కట్టి, దాని కింద కత్తిరించి టింక్చర్ అయోడిన్ పూయి. వెంటనే ముర్రుపాలు తాగించు. పందిపిల్లకు రోగాలను తట్టుకునే శక్తి తల్లి కడుపులో అందదు, ఆ పాలతోనే రావాలి, అదీ మొదటి రోజే. బక్కపిల్లలను ముందు చన్నుల దగ్గర పెట్టు, అక్కడ పాలు ఎక్కువ. మూడో రోజు ఇనుము సూది మరిచిపోకు.

తొలిచూలు తల్లి బెదిరి పిల్లలను కరిస్తే కొట్టవద్దు, తిట్టవద్దు. ఈత పూర్తయ్యేదాకా పిల్లలను బుట్టలో, బల్బు కింద ఉంచి, అది నెమ్మదించాక ఒక్కొక్కటే అందించు. నీ చేయి మాత్రం దాని మూతి దగ్గరకు పోనీయకు. పిల్ల కేకవేస్తే ఎంత సాధువైన పంది అయినా తిరగబడుతుంది. నాకు అన్నిటికంటే భయం అదే. ఆ రాత్రి నువ్వు ఒంటరిగా గదిలోకి దిగడానికి వీల్లేదు.

నేను 9వ తేదీ మధ్యాహ్నం బస్సుకు వస్తున్నాను. మీ నాన్నకు ఇప్పుడే చెప్పకు, వద్దంటాడు. నాకు ఇంట్లో మంచం వద్దు, పాక వసారాలో వెయ్యి. పైపు బిగించావో లేదో ఈలోగా ఒక ఫొటో తీసి పంపు.

మీ అత్త