ప్రశ్నలూ జవాబులూ: సైన్సే సూస్తన్నానమ్మా!

రాజాం నుంచి ఒక తల్లి: మా గుంటడు తొమ్మిదో తరగతండీ. స్కూలోళ్లు వాట్సాప్ గ్రూపులో లింకులు పెడతన్నారు, అవి సూసుకోవాలని సాయంత్రం ఫోన్ తీసుకుంటే మళ్లీ అన్నాల టైముకి గానీ ఇవ్వడు. ఏటి చేస్తన్నావురా అంటే సైన్సే సూస్తన్నానమ్మా అంటాడు. మార్కులు చూస్తే ఎక్కడివక్కడే. ఇలాగ చదువు వస్తాదా, ఎవరైనా పరిశోధన చేసేరా?

జవాబు: మీవాడు అబద్ధమాడట్లేదమ్మా, సైన్సే చూస్తన్నాడు, చిక్కంతా ఆ 'చూడ్డం'లోనే ఉంది. బ్రిటన్‌లో స్కూళ్ల కంప్యూటర్ల సంగతి చూడ్డానికి బెక్టా అని ఒక ప్రభుత్వ సంస్థ ఉండేది (2011లో మూసేశారు లెండి), వాళ్ల కోసం నాటింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్లూ ఇంకొందరూ కలిసి 2008లో 27 స్కూళ్లలో 2,600 మందికి పైగా పిల్లల్ని అడిగి చూశారు. తేలిందేంటంటే పిల్లలు నెట్లో ఉండడం మాత్రం తెగ ఉన్నారు, కానీ ఎక్కువమంది చూసి వదిలేసేవాళ్లే, సొంతంగా ఏదైనా రాసి, కట్టి, పదిమందితో కలిసి దిద్దుకునేవాళ్లు తక్కువ. అప్పటికి ఇంకా రీల్స్ లేవు!

అందుకని ఫోన్ లాక్కోకండి, పని మార్చండి. ఫెట్ (PhET) అని నెట్లో ఉచితంగా దొరికే సిమ్యులేషన్లున్నాయి, అంటే తెర మీద మనమే మార్చి చూసుకునే ప్రయోగాల కదిలే బొమ్మలు, ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చిన కార్ల్ వైమన్ 2002లో అమెరికా కొలరాడో యూనివర్సిటీలో మొదలెట్టినవి. అందులో బలాలూ చలనం బొమ్మ తెరిచి, ఘర్షణ సున్నా చేసి, పెట్టెని నెట్టి వదిలేస్తే ఆగుతుందా ఆగదా అని ముందే నోట్సులో రాయమనండి, రాశాకే బటన్ నొక్కాలి, తప్పయితే ఎందుకు తప్పయిందో మీకు చెప్పాలి. మీకు ఫిజిక్స్ రాకపోతే మరీ మంచిది, వాడు కేరమ్ బోర్డు మీద పౌడర్ ఎందుకు జల్లుతారో దగ్గర్నుంచి మొదలెట్టి చెప్పాల్సొస్తుంది. బొమ్మ ఒకసారి తెరుచుకుంటే తర్వాత సిగ్నల్ పోయినా ఆడుతుంది. రోజుకి ఇరవై నిమిషాలు చాలు.

ఇంకోటి, మన దేశంలోనే ఢిల్లీలో 2015లో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో పిల్లల్ని స్కూలయ్యాక చదివించి చూస్తే నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో బాగా ముందుకెళ్లారు. అదేమీ మేజిక్ కాదు, తొమ్మిదో తరగతోడికి ఆరో తరగతి లెక్క రాకపోతే అది ఆరు దగ్గర్నుంచే ఇచ్చేది, పక్కన మనిషి కూడా ఉండేవారు. గ్రూపులో వచ్చే లింకు మాత్రం అందరికీ ఒకటే కదా.

బొబ్బిలి దగ్గర హైస్కూల్ టీచర్: పిల్లలతో గూగుల్ డాక్స్‌లో కలిపి ప్రాజెక్టు రాయిస్తుంటే ఒకడు నెట్లోంచి కాపీ కొడతాడు, మిగతా అయిదుగురూ పేర్లు రాస్తారు. ఏం చెయ్యాలి?

జవాబు: మేష్టారూ, నెట్లో దొరికే ప్రశ్న ఇస్తే కాపీ కొట్టక ఏం చేస్తారండీ, నేనైనా అదే చేద్దును. గొల్లపల్లి వీణలోళ్లు మీకు పక్కనే ఉన్నారు, ఒకే పనస దుంగలోంచి ఏకాండి వీణ చెక్కేవాళ్లు, అక్కడికి పంపండి. దుంగ ఎన్నాళ్లు ఆరబెడతారు, పనసే ఎందుకు, మెట్లు పెట్టేటప్పుడు సుతి ఎలా చూసుకుంటారు, ఒక్కొక్కరికీ ఒక్కో ప్రశ్న. డాక్స్‌లో పాత వెర్షన్లు తెరిస్తే ఎవరి ఐడీతో ఏ వాక్యం ఎప్పుడు పడిందో కనబడుతుంది, ఆ సంగతి పిల్లలకి ముందే చెప్పేయండి, సగం గొడవ అక్కడే తీరిపోద్ది. అందరి దగ్గరా ఫోన్ ఉండదు కాబట్టి కాగితం మీద రాసుకొచ్చి వంతులవారీగా ఎక్కించినా పర్లేదు. ముందు ఒక్క పాఠంతో మొదలెట్టండి, అన్నీ ఒకేసారి పెట్టుకుంటే దిద్దలేక మీరే మానేస్తారు. డాక్స్ లింకు మీ క్లాసోళ్లకే తెరుచుకునేలా పెట్టండి, ఆ వీణలాయన ఫోటో తీసేటప్పుడు మాత్రం ఆయన్ని అడిగే తియ్యమనండి.