ఏం చదువుతున్నారు, ఏవి చదవమంటారు?

ఇప్పుడు ఏ పుస్తకాలు చదువుతున్నారు, బాగా నచ్చినవి ఏవి, తెలుగు చదవడం మానేసి చాలాకాలమైనవాళ్లు దేంతో మొదలుపెట్టాలి అన్నది ప్రశ్న. పేర్ల జాబితా ఇవ్వడం తేలికే. చిక్కేమిటంటే, జాబితా పట్టుకుని వెళ్లినవాళ్లు చాలామంది యాభయ్యో పేజీ దగ్గర పుస్తకం మూసేసి, లోపం తమదే అనుకుంటారు. ప్రతి మంచి పుస్తకం ఎక్కడో ఒకచోట మొరాయిస్తుంది. అదెక్కడో ముందే తెలిస్తే దాటెయ్యొచ్చు. కాబట్టి పేరుతో పాటు ఆ చోటు కూడా చెప్తాను.

ప్రస్తుతం నా చేతిలో మూడున్నాయి: తిరుమల రామచంద్ర ఆత్మకథ 'హంపీ నుంచి హరప్పా దాక', చాసో (చాగంటి సోమయాజులు) కథలు, మరోసారి 'కన్యాశుల్కం'. మూడూ ఒకేసారి ఎందుకంటే వాటి బరువులు వేరు. ఆత్మకథని ఏ అధ్యాయానికి ఆ అధ్యాయంగా చదివి పక్కన పెట్టినా తెగిపోయినట్టు ఉండదు. కథలు రోజుకొకటి. నాటకానికి మాత్రం తీరిగ్గా కూర్చోవాలి. రెండు నవలలు కలిపి మొదలుపెడితే మాత్రం పాత్రలు కలగాపులగమవుతాయి, చివరికి రెండూ ఆగిపోతాయి.

చాలాకాలం తర్వాత మొదలుపెట్టేవాళ్లకి నా మొదటి సలహా కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. చిన్న నవల. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్లిన ఒక ముసలివాడు, ఒక రాత్రి. పాత్రల పట్టిక గుర్తుపెట్టుకునే పని లేదు. ఒకటే జాగ్రత్త: దీన్ని వారం రోజులు సాగదీయకండి. ఒక పూటలోనో రెండు పూటల్లోనో అయిపోవాలి. మధ్యలో రెండు రోజులు విరామమిస్తే ఆ రాత్రి బిగువు సడలిపోతుంది, మళ్లీ మొదటికి రావాల్సిందే.

నవ్వుకోవాలనుంటే మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టర్ పార్వతీశం'. మొగల్తూరు కుర్రాడు బారిష్టరు చదువుకి ఇంగ్లండు బయల్దేరతాడు. అందరూ చెప్పుకునే హాస్యమంతా దాదాపు మొదటి భాగంలోనే ఉంది. మొత్తం మూడు భాగాలు. కొనేటప్పుడు అట్ట మీదో లోపలి పేజీలోనో మూడు భాగాలూ కలిసి ఉన్నాయో లేదో చూసుకోండి. రెండో భాగం నుంచి నడక మారుతుంది, నవ్వు తగ్గుతుంది. అక్కడ నిరాశపడి ఆపేసేవాళ్లున్నారు. మొదటి భాగంతో ఆపినా నష్టమేమీ లేదని నా అభిప్రాయం.

ఇక 'కన్యాశుల్కం' గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అందరూ మెచ్చుకునేదీ, చాలామంది పూర్తిచెయ్యనిదీ ఇదే. 1892లో తొలిసారి ఆడారు, 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి దాదాపు కొత్తగా రాశారు. ఇప్పుడు మనం మామూలుగా చదివేది ఈ రెండో కూర్పే. ఏడంకాలు. ఆగిపోయే చోటు రెండో అంకం: ఊరు మారుతుంది, కొత్త మనుషులు గుంపుగా వచ్చిపడతారు, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలీదు. ఒక చీటీ తీసుకుని ఊళ్ల వారీగా రాసుకోండి. విజయనగరం కింద గిరీశం, అతని శిష్యుడు వెంకటేశం, మధురవాణి, పూటకూళ్లమ్మ. కృష్ణరాయపురం కింద అగ్నిహోత్రావధానులు, భార్య వెంకమ్మ, కూతుళ్లు బుచ్చమ్మ, సుబ్బి, వెంకమ్మ తమ్ముడు కరటకశాస్త్రి. వెంకటేశం కూడా ఈ ఇంటి పిల్లాడే, కాబట్టి అతని పేరు రెండుచోట్లా వస్తుంది. రామచంద్రపురం కింద లుబ్ధావధాన్లు, కూతురు మీనాక్షి, రామప్పంతులు. మధురవాణి తర్వాత రామచంద్రపురానికి మారుతుంది, కాబట్టి ఆమె పేరు దగ్గర్నుంచి అక్కడికి ఒక బాణం గుర్తు గీసుకోండి. ఈ చీటీ పుస్తకంలో పెట్టుకుంటే మూడో అంకం నుంచి దాని అవసరమే పడదు.

రెండో సంగతి, ఇది కళ్లతో చదివేది కాదు. గిరీశం మాటలు పైకి చదవండి. మాట మధ్యలో ఇంగ్లీషు దంచేస్తుంటాడు, ఆ డాబుసరి గొంతులో పలికితేనే నవ్వొస్తుంది. మౌనంగా చదివితే అవే మాటలు అడ్డంకి అవుతాయి. మాండలికంలో రాసిన ఏ పుస్తకానికైనా ఇదే ఉపాయం. నామిని 'సినబ్బ కతలు' చిత్తూరు పలుకుబడిలో ఉంటాయి, అలవాటు లేనివాళ్లు మొదటి రెండు మూడు కథలు పైకి చదివితే చెవి పట్టేసుకుంటుంది, తర్వాత కన్ను దానంతటదే నడుస్తుంది.

కథల్లోకి వెళ్లేవాళ్లు పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన'తో మొదలుపెట్టొచ్చు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. బహుమతి మాట అలా ఉంచి, ఆ రైలుపెట్టెలో ముష్టిమనిషిని చూసినప్పుడు రావుగారికి కలిగే చిరాకు దగ్గర నెమ్మదించండి. తర్వాత జరిగేదంతా ఆ చిరాకుని ఎంత గట్టిగా పట్టుకున్నామన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

కాళీపట్నం రామారావు 'యజ్ఞం' మాత్రం వేరే జాతి. కథే అయినా పొడుగ్గా ఉంటుంది, సుందరపాలెంలో ఒక అప్పు తగవు మీద నడుస్తుంది. అప్పల్రాముడు బాకీ, గోపన్న పత్రం, శ్రీరాములునాయుడు తీర్పు. ఊరు ఎలా మారింది, ఎవరి భూమి ఎలా పోయింది అనే లెక్కలొచ్చినప్పుడు చాలామంది పేజీలు తిప్పేస్తారు. ఆ తర్వాత ముగింపు చూసి 'ఇదేంటి ఇలా చేశాడు' అంటారు. లెక్క దాటేస్తే ముగింపు దారుణంగా మాత్రమే కనిపిస్తుంది, లెక్క చదివితే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది. పెన్సిల్ పట్టుకుని చదవాల్సిన కథ ఇది.

చాసో దీనికి తలకిందులు. చాలా కథలు నాలుగైదు పేజీలకు మించవు, దెబ్బంతా చివరి రెండు మూడు వాక్యాల్లో ఉంటుంది. చిన్నవే కదా అని వరసగా నాలుగు చదివేస్తే ఒకదాని దెబ్బ మీద ఇంకోటి పడి ఏదీ తగలదు. 'వాయులీనం', 'ఎందుకు పారేస్తాను నాన్నా' వేర్వేరు రోజుల్లో చదవండి.

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' చిన్న నవలే, భాషా సులువే. కానీ సీతారామారావు మీద ఇష్టం కలుగుతుందేమో అని ఎదురుచూస్తే విసుగొస్తుంది. అతను నచ్చడానికి రాసిన మనిషి కాడు. మనసు బాగోలేని రోజుల్లో దీని జోలికి వెళ్లకండి, నిజంగానే చెప్తున్నాను.

'వేయిపడగలు' ఎప్పుడు చదవాలి అని కూడా చాలామంది అడుగుతుంటారు. మొదట్లో కాదు. విశ్వనాథ దీన్ని 1934లో 29 రోజుల్లో ముగించారు, మనకి అంత తొందర అక్కర్లేదు. ముద్రణని బట్టి వెయ్యి పేజీలకు అటూ ఇటూగా ఉంటుంది, రోజుకు పది చొప్పున మూడు నెలల పైచిలుకు. మొదట్లో సుబ్బన్నపేట పుట్టుక చెప్పే భాగంలో సమాసాలు దట్టంగా ఉంటాయి, అర్థం కాని మాట దగ్గరల్లా నిఘంటువు తీస్తే ఇరవై పేజీలు దాటరు. లయ పట్టుకుని పోనివ్వండి. ధర్మారావు సంసారం మొదలయ్యాక వాక్యం తేలికపడుతుంది. చర్చలు అడ్డొచ్చినప్పుడు వాదనతో ఏకీభవించాల్సిన పనేం లేదు, పోట్లాడుతూ కూడా చదవొచ్చు.

అనువాదాల్లో అలెక్స్ హేలీ ఇంగ్లీషు నవల 'రూట్స్'కి సహవాసి చేసిన 'ఏడు తరాలు' గొప్పగా నడుస్తుంది, అయితే అది సంక్షిప్తం. అది చదివి అసలు నవలంతా చదివేశామనుకోకూడదు. ఏ అనువాదం తీసుకున్నా ముందు వివరాల పేజీలో సంక్షిప్తమా, స్వేచ్ఛానువాదమా, మూలం నుంచా ఇంకో అనువాదం నుంచా అన్నది చూడండి.

ముందుమాటలు చివర చదవండి. మన పుస్తకాలకి రెండు మూడు ముందుమాటలుండటం మామూలే, వాటిలో కనీసం ఒకటి కథంతా చెప్పేస్తుంది. 'మహాప్రస్థానం'కి చలం రాసిన 'యోగ్యతాపత్రం' ఒక్కటే నా లెక్కలో మినహాయింపు, దాన్ని ముందే చదవొచ్చు, కవిత్వానికి గొంతు సవరించి పెడుతుంది. స్కాన్ చేసిన పాత పుస్తకాలు ఫోన్‌లో చదివేవాళ్లు తెరని అడ్డంగా తిప్పి, అంచుల ఖాళీ కత్తిరించి చూడండి. చాలాసార్లు విసుగు రచన వల్ల కాదు, చీమల్లాంటి అక్షరాల వల్ల.

ఇంకా కచ్చితమైన సలహా కావాలంటే నచ్చిన పుస్తకాల పేర్లు కాదు, మీరు సగంలో వదిలేసిన రెండింటి పేర్లు, ఏ ఘట్టం దగ్గర వదిలేశారో కింద రాయండి. దాన్ని బట్టి తర్వాతి పుస్తకం చెప్తాను.