పురుగు మందుకు అలవాటు పడదు

(పల్నాడు ప్రాంతపు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన టీచరమ్మ, పాఠకుల ఉత్తరాలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: మేడమ్, నేను పదో తరగతికి బయాలజీ చెప్తాను. ప్రకృతి వరణం పాఠం అయ్యాక పరీక్ష పెడితే సగం మంది ‘జిరాఫీ ఆకుల కోసం మెడ చాచగా చాచగా పొడవైంది’ అని రాసి, ఇది డార్విన్ సిద్ధాంతం అంటున్నారు. లామార్క్ వేరు, డార్విన్ వేరు అని బోర్డు మీద పట్టిక వేసి మరీ చెప్పాను. లోపం ఎక్కడుంది?
— ఒక ఉపాధ్యాయుడు, గురజాల దగ్గరి ఊరు

జవాబు: మాస్టారూ, ఆ పట్టికే కొంప ముంచుతోంది. ఇద్దరినీ ఒకే పూట, ఒకే జిరాఫీతో పరిచయం చేస్తే పిల్లలకు గుర్తుండేది జిరాఫీ. చాచితే సాగిందన్న లామార్క్ మాట వినడానికి సబబుగా ఉంటుంది కాబట్టి అదే నిలిచిపోతుంది. జిరాఫీని కొన్నాళ్లు పక్కన పెట్టండి. మీ క్లాసులో జిరాఫీని చూసినవాళ్లు ఎవరూ ఉండరు, పత్తి కాయను తొలిచే గులాబీ పురుగును చూడనివాళ్లూ ఎవరూ ఉండరు.

పాఠం పత్తి చేలో మొదలుపెట్టండి. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును పత్తిలో పెట్టారు. ఆ జన్యువు వల్ల మొక్కలోనే ఒక విషపు ప్రోటీన్ తయారవుతుంది. పురుగు కాయ కొరికితే ఆ ప్రోటీన్ దాని పేగు గోడకు అతుక్కుని చంపుతుంది. 2006లో రెండు విషాలున్న రకం వచ్చింది. అయినా మొదటి విషాన్ని గుజరాత్‌లో గులాబీ పురుగు తట్టుకుంటోందని 2010 నాటికే బయటపడింది. ఇంకో నాలుగైదేళ్లకు రెండో రకమూ అక్కడే ఓడిపోయింది. తర్వాత మన చేలల్లో గుడ్డి పూలు, లింగాకర్షక బుట్టలు, గుల్లయిన కాయలు... ఈ భాగం మీకంటే పిల్లలే బాగా చెప్తారు, చెప్పనివ్వండి.

ఇప్పుడు అడగండి: ‘ఎందుకిలా అయింది?’ క్లాసంతా ఒకటే మాట అంటుంది, ‘పురుగు మందుకు అలవాటు పడింది టీచర్.’ ఇంట్లో నాన్న అనేదీ అదే. లామార్క్ మీ క్లాసులోకి వచ్చేది ఈ దారినే, పుస్తకంలోంచి కాదు. వెంటనే తప్పని కొట్టిపారేయకండి. ఇంకో ప్రశ్న వేయండి: ‘వెయ్యి పురుగులు కాయ తిన్నాయి. ఐదు బతికాయి. ఆ ఐదింటికి తట్టుకునే గుణం తిన్నాక వచ్చిందా, తినకముందే ఉందా?’ ఈ ఒక్క ప్రశ్న మీద పీరియడంతా పోయినా పరవాలేదు. 1943లో లూరియా, డెల్‌బ్రుక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బ్యాక్టీరియాతో ప్రయోగం చేసి తేల్చింది సరిగ్గా ఇదే. దెబ్బ తగలకముందే, ఏ అవసరమూ తెలియకుండానే, కొన్నింటిలో ఆ మార్పు ఉంది. తిన్న పురుగు ఏదీ మారలేదు. పేగు గోడ కాస్త తేడాగా ఉన్నవి మిగిలాయి, మిగిలినవాటి పిల్లలే మరుసటి ఏడు చేనంతా నిండాయి.

మీరు అనువంశికత పాఠం ముందే చెప్పి ఉంటారు కాబట్టి అసలు రుచి ఇక్కడ చూపించవచ్చు. తట్టుకునే గుణం అంతర్గత లక్షణం. అంటే అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు వైపులా వస్తేనే పనిచేస్తుంది. ఒక్క వైపు నుంచి వస్తే పురుగు చస్తుంది. అందుకే 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ పొట్లం ఇచ్చి, చేను చుట్టూ ఐదు వరసలు వేయమనేవారు. ఆ వరసల్లో మామూలు పురుగులు హాయిగా పెరుగుతాయి. బీటీ మొక్క మీద బతికి బయటపడిన ఒకటీ అరా రెక్కల పురుగుకు జతగా దొరికేది ఈ మామూలు పురుగే. వాటి పిల్లలకు ఆ గుణం ఒక్క వైపు నుంచే వస్తుంది, బీటీ కాయ తింటే చస్తాయి. ఐదు వరసలు లేకపోతే బతికినదానికి బతికినదే జత. మెండెల్ బఠానీ లెక్కే ఇది. బోర్డు మీద గళ్లు గీసి పిల్లల చేతే నింపించండి.

ఒక జాగ్రత్త. ‘మీ నాన్నలు పొట్లం పారేశారు కాబట్టే ఇలా అయింది’ అనే ధోరణిలో పాఠం పోనివ్వకండి. రెండెకరాల కౌలు రైతు పురుగుల కోసం ఐదు వరసలు వదులుకుంటాడా? ఆ లెక్క వేసినవాళ్లు రైతును లెక్కలోకి తీసుకోలేదని నా అభిప్రాయం. కావాలంటే ఆరిజోనా సంగతి చెప్పండి. అక్కడ నాన్ బీటీ పత్తి వరసలూ వేశారు, తర్వాత సంతానం కలగకుండా చేసిన రెక్కల పురుగులనూ వదిలారు. 2018లో తమ దేశపు పత్తి చేలల్లో గులాబీ పురుగు లేకుండా పోయిందని అమెరికా వ్యవసాయ శాఖ ప్రకటించింది.

చురుకైన పిల్ల ఎవరైనా అడుగుతుంది: ‘మరి పత్తి కాయ తినే శనగపచ్చ పురుగు ఎందుకు అలా కాలేదు?’ అడగకపోతే మీరే అడగండి. అది కందిని, శనగను, టమాటాను, మిరపను కూడా తింటుంది. బీటీ లేని మేత దానికి ఊరంతా ఉంది. గులాబీ పురుగుకు మాత్రం దాదాపు పత్తే గతి.

చేతిపని కావాలంటే ఒక పళ్లెంలో నల్లరేగడి మట్టి, ఇంకోదాంట్లో ఎర్రమట్టి పోసి, రెండింట్లోనూ మినుములు, ఉలవలు సమానంగా చల్లండి. పిల్లలే పిట్టలు. కాసేపు ఏరనిచ్చి, ఏ రకం ఎన్ని మిగిలితే ఆ రకం గింజలు ఇంకా అన్ని చల్లండి. రెండు మూడు ‘తరాలు’ చాలు. ఏరేవాడు లెక్కపెట్టకూడదు, పక్కవాడు లెక్కపెట్టాలి. లేకపోతే అందరూ ‘సరైన’ జవాబు వచ్చేలా ఏరతారు! జిరాఫీని ఆ తర్వాత తీసుకురండి.

ప్రశ్న: మనిషి కోతి నుంచి వస్తే ఇంకా కోతులు ఎందుకున్నాయి? క్లాసులో ప్రతి ఏడాదీ ఇదే ప్రశ్న, నవ్వులు.
— ఒక ఉపాధ్యాయిని, నల్లగొండ

జవాబు: నవ్వనివ్వండి, మంచి ప్రశ్నే. మీరు మీ బాబాయి కూతురి నుంచి పుట్టలేదు, ఇద్దరికీ తాతయ్య ఒక్కరే. చింపాంజీతో మనకున్న చుట్టరికం అలాంటిదే, ఆ తాత మాత్రం అరవై డెబ్బై లక్షల ఏళ్ల వెనక ఉన్నాడు. ఇంతకంటే సాగదీయకండి. వంగిన కోతి నుంచి నిటారు మనిషి దాకా వరసగా నడిచే బొమ్మ మీ గోడ మీద ఉంటే తీసేయండి. ఈ ప్రశ్నకు మూలం ఆ బొమ్మే.

ప్రశ్న: నమస్తే మేడమ్, నేను తొమ్మిదో తరగతి. మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం, వామనుడు... దశావతారాలే పరిణామ సిద్ధాంతం, మనవాళ్లు డార్విన్ కంటే ముందే చెప్పారని మా తాతయ్య అంటారు. సార్‌ని అడిగితే కోప్పడ్డారు.
— ఒక విద్యార్థిని, తెనాలి

జవాబు: తల్లీ, సార్ కోప్పడకుండా ఉండాల్సింది. వరస చూస్తే పోలిక ఉందనిపిస్తుంది, నిజమే. నీళ్లలోది, తర్వాత నీళ్లలోనూ నేల మీదా తిరిగేది, తర్వాత నేల మీదిది. కానీ ఆ కథలో చేప తాబేలుగా మారలేదు. ప్రతిసారీ స్వామి ఒక పని కోసం వచ్చాడు, వేదాలు కాపాడటానికో, మందరగిరిని మోయటానికో. ప్రకృతి వరణంలో ఎవరికీ ఏ పనీ అప్పగించి లేదు, ఫలానా చోటికి చేరాలన్న గమ్యమూ లేదు.

ఇంకో తేడా ఉంది. సిద్ధాంతమంటే, వెళ్లి చూసుకోవడానికి వీలివ్వాలి. చేపకూ నాలుగు కాళ్ల జంతువుకూ మధ్య జీవి ఉండి ఉంటే అది సుమారు 37.5 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో దొరకాలని కొందరు శాస్త్రవేత్తలు ముందే లెక్కగట్టారు. ఆ వయసు రాళ్లు కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో ఉన్నాయని తెలిసి, ఏళ్ల తరబడి వేసవుల్లో వెళ్లి తవ్వారు. 2004లో దొరికింది. పొలుసులు, మొప్పలు ఉన్నాయి, మెడ కూడా ఉంది, రెక్కలో మణికట్టు లాంటి ఎముకలున్నాయి. పేరు టిక్టాలిక్. దొరక్కపోయి ఉంటే ఆ అంచనాకు ఇబ్బందే. దశావతారాల కథను ఇలా పరీక్షకు పెట్టరు, పెట్టనక్కర్లేదు. అది భక్తికి సంబంధించినది. తాతయ్యతో పోట్లాడకు, టిక్టాలిక్ బొమ్మ చూపించు. ఆసక్తిగానే చూస్తారు.

ప్రశ్న: మా అబ్బాయి సీబీఎస్ఈ పదో తరగతి. పుస్తకంలో పరిణామం పాఠమే లేదు. వాడు ఇంటర్‌లో ఎలాగూ ఎంపీసీ. లెక్కలంటే ప్రాణం. ఇది తెలియకపోతే నష్టమేమిటి?
— ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: ఉండేదండీ. ‘అనువంశికత, పరిణామం’ అనే పాఠంలోంచి రెండో సగం తీసేశారు, 2023లో వచ్చిన కొత్త పుస్తకంలో అనువంశికత ఒక్కటే మిగిలింది. వద్దంటూ 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు సంతకాలు పెట్టారు. పన్నెండో తరగతి బయాలజీలో ఉందిగా అన్నది సమాధానం. ఎంపీసీ వాళ్లు ఆ పుస్తకం తెరవరు కదా! అంటే మీవాడు ఇంజినీరై, రేపు తన పిల్లకు యాంటీబయాటిక్ కోర్సు మధ్యలో ఆపేయవచ్చో లేదో ఆలోచించేటప్పుడు ఈ పాఠం వాడి తలలో ఉండదు. భారం తగ్గించాలంటే తీయడానికి ఇంకేమీ దొరకలేదా అని నాకు ఇప్పటికీ కోపమే.

ముందు ఒక ఆదివారం బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్లండి. అక్కడ నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలు పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికినవి. ఎక్కడో అమెరికాలోది కాదు, మన గోదావరి లోయది.

లెక్కల పిల్లాడికి లెక్కే ఇవ్వాలి. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో, మామూలుగా తెల్లగా ఉండే ఒక రకం రెక్కల పురుగుల్లో నల్లది మొదట దొరికింది 1848లో. 1895కల్లా అక్కడ దాదాపు అన్నీ నల్లవే. పొగ పట్టిన చెట్ల మీద తెల్లవి పిట్టల కంట పడేవి. అంత వేగంగా మారాలంటే నల్లవాటికి ఎంత మేలు ఉండాలని 1924లో జె.బి.ఎస్. హాల్డేన్ అనే బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త లెక్క వేశారు. తెల్లవి రెండు పిల్లల్ని మిగిల్చిన చోట నల్లవి సుమారు మూడు మిగల్చాలని తేలింది. ఆ హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చేశారు, ఇక్కడి పౌరసత్వం తీసుకుని 1964లో భువనేశ్వర్‌లో పోయారు. తన దేహాన్ని వైద్య విద్యార్థులకు ఇమ్మన్నారు. అది చేరింది కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి.

మీవాడికి ఇది ఇవ్వండి: నూరు పురుగుల్లో ఒకటి నల్లది. ఏడాదికి ఒక తరం. తెల్లవాటికి రెండు మిగిలితే నల్లవాటికి మూడు. తల్లిదండ్రుల జన్యువులు కలిసే చిక్కును ప్రస్తుతానికి వదిలేయమనండి. నల్లవి సగం దాటడానికి ఎన్నేళ్లు? ముందు ఊహించి ఒక అంకె రాసుకుని, తర్వాత లెక్క వేయమనండి. రెండు అంకెలూ నాకు పంపితే వచ్చే సంచికలో మాట్లాడుకుందాం.