ఆర్థర్ యాష్‌ను ఎందుకు స్మరిస్తారు?

ప్రశ్న: టెన్నిస్ క్రీడాకారుడు ఆర్థర్ యాష్ పేరు ఎయిడ్స్ అవగాహనకు సంబంధించి ఎందుకు వినిపిస్తుంది?

జవాబు: అమెరికాలోని రిచ్‌మండ్‌లో 1943లో జన్మించిన యాష్, 1968లో యు.ఎస్. ఓపెన్‌నూ, 1975లో జిమ్మీ కానర్స్‌ను ఓడించి వింబుల్డన్‌నూ గెలుచుకున్నారు. ఈ సింగిల్స్ టైటిళ్లు సాధించిన తొలి నల్లజాతి పురుషుడు ఆయనే. 1983లో గుండె శస్త్రచికిత్స తరువాత ఎక్కించిన రక్తం ద్వారా సోకిందని భావించే హెచ్.ఐ.వి., 1988లో వైద్య పరీక్షల్లో బయటపడింది. ఒక పత్రిక ఆ సంగతిని ప్రచురించే అవకాశం ఉందని తెలియడంతో, 1992 ఏప్రిల్ 8న ఆయనే విలేకరుల ముందుకు రావలసి వచ్చింది. చిన్నారి కూతురి ప్రస్తావన రాగానే ఆయన గొంతు పూడుకుపోయింది. ఆయన ప్రకటనలోని ఆ భాగాన్ని భార్య చదివారు. ఒక రోగి ఆంతరంగిక విషయాన్ని అలా బయటపెట్టించడం ముమ్మాటికీ అన్యాయమే. అయినా ఆయన కుంగిపోకుండా ఎయిడ్స్ నిర్మూలనకు ఒక ఫౌండేషన్ స్థాపించి, ఆ డిసెంబరు 1న ఐక్యరాజ్యసమితిలో ప్రసంగించి, 1993 ఫిబ్రవరి 6న మరణించేవరకూ ఆ కృషిలోనే ఉన్నారు.