పచ్చిక కింద రోమన్ విల్లా: కంచె వేసుకోవచ్చా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్‌లో ఇల్లు, వెనక రెండెకరాల పచ్చిక కొన్నాం. కొంత భాగం కింద రోమన్ విల్లా (రోమన్ల కాలపు పెద్ద ఇల్లు) ఉందనీ, అది షెడ్యూల్డ్ మాన్యుమెంట్ (చట్టం కాపాడే పురాతన కట్టడం) అనీ కాగితాల్లో ఉంది. మేకలకు కంచె, కూరగాయల మడి, నాలుగు పండ్ల చెట్లు వేద్దామనుకుంటున్నాం. మా అబ్బాయికి మెటల్ డిటెక్టర్ సరదా. సొంత స్థలమే కదా, అనుమతి కావాలా?

జవాబు: కావాలి. 1979 నాటి పురాతన కట్టడాల చట్టం 2వ సెక్షన్ ప్రకారం అక్కడ దెబ్బ తగిలే పనికే కాదు, మరమ్మతుకూ మట్టి పోయడానికీ కూడా ముందు షెడ్యూల్డ్ మాన్యుమెంట్ కన్సెంట్ అనే ప్రభుత్వ అనుమతి ఉండాలి. లేకపోతే పని చేసినవారితోపాటు చేయించినవారిదీ, చేయనిచ్చినవారిదీ నేరమే.

ముందు ఆ రక్షిత స్థలం సరిహద్దు గీత ఎక్కడుందో చూడండి. రక్షిత కట్టడాల అధికారిక జాబితా అయిన నేషనల్ హెరిటేజ్ లిస్ట్ వెబ్‌సైట్‌లో మ్యాపు ఉచితం. మన దేశంలో లాగా 100 మీటర్ల నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్ల నియంత్రిత ప్రాంతం అక్కడ లేవు. కాబట్టి మడినీ చెట్లనూ గీత బయటికి జరపడమే తేలిక. పచ్చికను ఇంటి పెరట్లో కలిపేసుకుంటే మాత్రం ప్లానింగ్ పర్మిషన్ విడిగా కావాలి.

వ్యవసాయ పనులకు 1994 క్లాస్ కన్సెంట్స్ ఆర్డర్‌లో (కొన్ని రకాల పనులకు విడిగా దరఖాస్తు అక్కర్లేదనే ఉత్తర్వు) మినహాయింపు ఉందని ఎవరో ఒకరు చెబుతారు. ఉంది, కానీ గత ఆరేళ్లలో అదే చోట చట్టబద్ధంగా జరిగిన అదే రకం పనికే. దున్నని నేలలో 300 మిల్లీమీటర్లు దాటకూడదు. చెట్లు నాటడం, పీకడం, పొలం కంచె దాని కిందికి రావు. మేకలు మేపుకోవడానికి ఇబ్బంది లేదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, మొజాయిక్ నేల కొన్నిచోట్ల మూరెడు లోతులోనే ఉంటుంది. చిన్న చిన్న రాతి ముక్కల్ని సున్నం పరుపు మీద అతికించి ఉంటారు. గునపం పోటుకి ఆ పరుపు పగిలిందా, చుట్టూ ఉన్న ముక్కలన్నీ వదులైపోతాయి. చెట్టు వేరు అదే పని మెల్లగా చేస్తుంది.

దరఖాస్తుకు ఫీజు లేదు. ముందు హిస్టారిక్ ఇంగ్లండ్ (పురాతన కట్టడాల బాధ్యత చూసే సంస్థ) ఇన్‌స్పెక్టర్‌ను సంప్రదించండి. "కంచె వేస్తాం" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ప్రతి గుంజ ఎక్కడ, గొయ్యి ఎంత వెడల్పు, ఎంత లోతు, తవ్వేది చేత్తోనా యంత్రంతోనా ప్లానులో చూపాలి. పురావస్తు నిపుణుడు దగ్గరుండాలని షరతు పెట్టవచ్చు; ఆ ఖర్చు సాధారణంగా మీదే. కన్సెంట్ వచ్చాక మామూలుగా ఐదేళ్లలో పని మొదలుపెట్టాలి.

డిటెక్టర్ గీత దాటనే కూడదు. అదే 1979 చట్టం 42వ సెక్షన్ కింద, తవ్వకపోయినా, ఊరికే తిప్పడమే నేరం. యజమాని సరేనన్నా చెల్లదు. హిస్టారిక్ ఇంగ్లండ్ రాతపూర్వక అనుమతి కావాలి.

ఇప్పటికే గుంజలు పాతేసి ఉంటే మీరే పీకేయకండి, దానికీ కన్సెంట్ కావాలి. పని అక్కడికక్కడ ఆపి, ఫోటోలు తీసి, స్థానిక సొలిసిటర్‌ను (న్యాయవాదిని) కలిశాకే ఇన్‌స్పెక్టర్‌కు రాయండి.