ఎనిమిదో అంకె దాకా

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం శుక్రవారం అందింది. కథ మూడోసారి తిరిగివచ్చిందని, వచ్చిన గంటలోపే సంపాదకుడికి ఘాటైన జవాబు పంపేశానని రాశావు. పడిన మరుక్షణమే లేచి నిలబడ్డానన్న తృప్తి ఆ వాక్యంలో కనిపించింది. నాకు మాత్రం అది చదవగానే మనసు చివుక్కుమంది. ఎందుకో చెప్పాలంటే నిన్ను బాక్సింగ్ రింగ్ దగ్గరికి తీసుకువెళ్లాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో విశాఖపట్నంలో అద్దె గదిలో ఉండేవాణ్ణి. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చే దారిలో పిల్లలకు బాక్సింగ్ నేర్పే చోటు ఒకటి ఉండేది. కిటికీ దగ్గర ఆగి చూసేవాణ్ణి. మొదట్లో దెబ్బలు చూడటానికి ఆగాను. తర్వాత తర్వాత, దెబ్బ తిన్న కుర్రాడు ఏం చేస్తాడో చూడటానికే ఆగేవాణ్ణి. బాక్సర్ పడిపోతే రిఫరీ అంకెలు లెక్కపెడతాడని, పది పూర్తయ్యేలోగా తేరుకోకపోతే ఓడినట్టేనని అందరికీ తెలుసు. నాకు కొత్తగా తెలిసింది మరొకటి. రెండో అంకెకే లేచి, చేతులెత్తి, సిద్ధమని చెప్పినా పోటీ మళ్లీ మొదలుకాదు. ఎనిమిది వరకు లెక్క సాగి తీరాలి. ఆలోగా రిఫరీ అతని కళ్లలోకి చూస్తాడు, కాళ్లు నిలకడగా ఉన్నాయో లేదో గమనిస్తాడు. తలకు దెబ్బ తగిలినవాడికి తాను బాగానే ఉన్నానని అనిపిస్తుంది. అప్పుడే అతని మాట నమ్మకూడదు. ఆ పౌరుషంతో ముందుకు దూకేవాడు గార్డ్, అంటే మొహానికి అడ్డుగా పెట్టుకునే చేతులు, దించేసి దూకుతాడు. రెండో దెబ్బ నేరుగా మొహానికే తగులుతుంది.

నువ్వు రెండో అంకెకే దూకావమ్మా.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ పేరు నీకు తెలియనిది కాదు. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ విజేత అయింది. మళ్లీ అదే టర్కీలో, ఇస్తాంబుల్‌లో, 2022 మే నెలలో థాయ్‌లాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటామస్‌ను 5–0తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయింది. ఈ రెండు విజయాల మధ్య పదకొండేళ్లున్నాయి. అందరూ వాటిని ఒక్క వాక్యంలో దాటేస్తారు. రాసే మనిషివి కాబట్టి నువ్వు అలా దాటకు, అక్కడ కాసేపు కూర్చో. 2017లో భుజానికి గాయమై ఆపరేషన్ జరిగింది. రింగ్‌కు దూరంగా గడిపిన ఆ నెలల్లో ఆమె ఎన్ని పోటీలు బయటినుంచి చూసి ఉంటుంది! కుట్లు వేసిన భుజం తొందరపెడితే మాట వినదు. కోలుకుని, 2019లో బల్గేరియాలో స్ట్రాంజా టోర్నీ గెలిచింది.

అదే ఏడాది చివర జరిగినదాన్ని నీకు ప్రత్యేకంగా చెప్పాలి. టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకు 51 కిలోల విభాగంలో మేరీ కోమ్‌ను ట్రయల్, అంటే ఎంపిక పోటీ, లేకుండానే పంపవచ్చన్న సూచనలు వినిపించాయి. నిఖత్ క్రీడామంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. తనను పంపమని అడగలేదు, ట్రయల్ పెట్టమని అడిగింది. అంతపెద్ద ఛాంపియన్‌తో తలపడే అవకాశం కోసం గొంతెత్తడానికి ఆ వయసులో ఎంత ధైర్యం కావాలో ఆలోచించు. డిసెంబర్‌లో ఢిల్లీలో ట్రయల్ జరిగింది. నిఖత్ 1–9తో ఓడిపోయింది. దేశమంతా చూస్తుండగా అడిగి తెచ్చుకున్న పోటీలో, అంత తేడాతో! టోక్యో తలుపు మూసుకుంది.

పోటీకి ముందు ఆమె లేఖ రాసింది. నువ్వు ఫలితం వచ్చాక రాశావు. నీ కథను సరిగ్గా చదవలేదన్న అనుమానం ఉంటే, చదవమని అడిగే హక్కు నీకుంది. ఆ హక్కును ఎవరికీ వదులుకోవద్దు. చదివి వద్దన్నాక మాత్రం వాదన కాగితం మీద సాగాలి, అదీ కథ రాసే కాగితం మీద. నిఖత్ ఇచ్చిన జవాబుకు దాదాపు రెండున్నరేళ్లు పట్టింది. దాన్ని ఇస్తాంబుల్‌లో ఇచ్చింది.

నేను కూడా ఇలా దూకినవాణ్ణే. ఇరవై ఆరేళ్ల వయసులో పంపిన ఒక కథ, పక్కన చిన్న చీటీతో తిరిగివచ్చింది. ‘ఇందులో తల్లి మీలాగే మాట్లాడుతోంది’ అని ఒకే వాక్యం. ఆ రాత్రి నాలుగు పేజీల జవాబు రాసి, తెల్లారగానే పోస్టు డబ్బాలో వేశాను. మూడు నెలల తర్వాత పండక్కి ఊరెళ్లినప్పుడు ఆ కథను మా అమ్మకు చదివి వినిపించాను. ఆవిడ చివరిదాకా శ్రద్ధగా విని, “ఈవిడ ఏ ఆఫీసులో పనిచేస్తుందిరా?” అని అడిగింది. కథలో ఆ తల్లి కూలి మనిషి! సంపాదకుడు ఒక్క వాక్యంలో చెప్పింది అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. విశాఖ తిరిగివచ్చాక చాలా ఉదయాలు వీధి కొళాయి దగ్గర నిలబడి ఆడవాళ్ల మాటలు విన్నాను. కథ ఐదుసార్లు తిరగరాశాను. రెండేళ్లకు అచ్చయింది. ఆ సంపాదకుడికి క్షమాపణ రాద్దామని కూర్చునే నాటికి ఆయన పదవీ విరమణ చేసి వెళ్లిపోయారు. ఆ ఉత్తరం నేను ఇప్పటికీ బాకీ.

ఆ కిటికీ దగ్గర చూసిన ఇంకో సంగతి. ముందురోజు పోటీలో ఓడిన కుర్రాడు మర్నాడు వస్తే, కోచ్ అతని చేత కొత్త పంచ్ ఏదీ వేయించేవాడు కాదు. అద్దం ముందు నిలబెట్టి, ముందు చేత్తో నేరుగా విసిరే ఆ చిన్న పంచ్ ఒక్కటే, చేయి మళ్లీ గడ్డం దగ్గరికి వచ్చేలా, చెమటలు కారేదాకా వేయించేవాడు. చూసేవాళ్లు చప్పట్లు కొట్టే పంచ్ కాదది. కానీ మిగతా ఆటంతా దాని మీదే నిలబడుతుంది. మనకు అలాంటిది మామూలు వాక్యం. ఎవరు, ఎక్కడ, ఏం చేశారు అన్నది తడబడకుండా చెప్పే వాక్యం. కథ తిరిగివచ్చిన వారం కొత్త కథన శిల్పాల జోలికి పోకు. రోజూ ఒక పేజీ, చూసింది చూసినట్టు రాయి.

ఒక్కసారి గెలిస్తే ఇదంతా అయిపోతుందని అనుకోవద్దు. నిఖత్ 2023లో ఢిల్లీలో రెండోసారి ప్రపంచ ఛాంపియన్ అయింది. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో రెండో పోటీలోనే చైనాకు చెందిన వూ యూ చేతిలో 5–0తో ఓడిపోయింది. వూ యూ చివరికి స్వర్ణం గెలిచింది, కానీ ఆ రోజు నిఖత్‌కు అది ఓదార్పు కాదు. టీవీలో చూస్తూ నాకు కళ్లు చెమర్చాయి. తర్వాత ఆమె మళ్లీ గ్లోవ్స్ తొడిగింది, 2025లో గ్రేటర్ నోయిడాలో ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో స్వర్ణం గెలిచింది.

ఇక నీ కథ. ముందు ఆ సంపాదకుడికి రెండు వాక్యాల ఉత్తరం రాయి, తొందరపడ్డానని. నాలాగా బాకీ పెట్టుకోవద్దు. తర్వాత పది రోజులు కథను ముట్టుకోకు. పదకొండో రోజు గట్టిగా చదువుకుంటూ రెండో పేజీ దగ్గర ఆగు. జీడి పిక్కలు కొట్టే ఆవిడ కూతురి జడ వేయడానికి చేతులు చీర కొంగుకు తుడుచుకుందని రాశావు. ఆ పిక్కల నుంచి కారే జీడి తుడిస్తే పోదు కదా. చర్మం నల్లబడుతుంది, పొక్కుతుంది. ఆ చేతులతో ఆవిడ జడ ఎలా వేస్తుంది? పనికి వెళ్లేముందు చేతులకు ఏం రాసుకుంటుంది? మీ వీధిలోనే అడిగి తెలుసుకో. నాకు కూడా రాయి.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి